ఇలికో వైను, ఎల్గుజా వాటం

ఆ గురువారం పొద్దున ఎల్గుజా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి గునపం పట్టాలి. ఇంటి మూల నుంచి వీధి కాలువ దాకా పది మీటర్ల గాడి తవ్వాలి. అందులో గులకరాళ్ళు పోసి, చిల్లుల పైపు పరిచి, పైన మట్టి కప్పాలి. ఒంటిగంటకు చేతులు కడుక్కుని భోజనానికి కూర్చోవాలి. ఆ చేతులు కడుక్కున్న నీళ్ళు కూడా పైపులోంచే బయటికి పోతుంటే చూస్తూ ఓ రొట్టె ముక్క ఎక్కువ తినాలి.

ఇదంతా గచ్చు తెచ్చిన తంటా. ఇంటి ముందు ద్రాక్షపందిరి కింద ఉన్న మట్టినేలను ఎల్గుజా మార్చి నెలలో తన చేతులతోనే చదును చేసి, అలజాని ఏటి నుంచి తెచ్చిన రాతిపలకలు పరిచాడు. పలకలు ముచ్చటగా కుదిరాయి. రసమట్టం మాత్రం కొట్టం గోడకున్న మేకునే పట్టుకుని వేలాడింది. "ఒక్కసారి పెట్టి చూడరాదూ" అని భార్య నాజీ అంటే, "ముప్పై ఏళ్ళు కొండదారిలో బస్సు నడిపినవాడికి ఎత్తుపల్లాలు గాజుగొట్టం చెప్పాలా?" అన్నాడు. బస్సు ఎటు వాలుతోందో నడిపేవాడికి కడుపులో తెలుస్తుందట. గచ్చు దగ్గరికి వచ్చేసరికి ఆ కడుపు మోసం చేసింది. వీధివైపు పోవలసిన నీళ్ళు ఇంటివైపు వచ్చి, వంటింటి మూల చేరి, అక్కడే కాపురం పెట్టాయి. ఏప్రిల్ వానలకు అది చిన్న చెరువైంది. పక్కింటి గివీ బాతులు ఆరూ రోజూ పొద్దున్నే వరుసగా వచ్చి, ఎవర్నీ అడక్కుండా అందులో ఈదడం మొదలుపెట్టాయి.

అయినా ఎల్గుజా పెద్దగా పట్టించుకునేవాడు కాదు. కానీ సరిగ్గా ఆ నెలాఖరులోనే కూతురు ఖాతునా సంబంధం మాట్లాడటానికి తెలావీ పట్నం నుంచి ముర్మాన్ వచ్చాడు. కుర్రాడు లేవాన్ పశువుల డాక్టరు, బంగారంలాంటివాడు. తండ్రి ముర్మాన్ పంటకాలువల శాఖలో ముప్పై అయిదేళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. ఎక్కడికెళ్ళినా మనుషుల మొహాలకన్నా ముందు నీళ్ళు ఎటు పోతున్నాయో చూడటం ఆయన అలవాటు. పందిరి కిందికి వచ్చి, కొత్త బూట్లలో నీళ్ళు దూరాక, ఆయన బాతుల వంకా గచ్చు వంకా చూసి ఒక్క ముక్క అన్నాడు.

"బావగారూ, నిశ్చితార్థం తెలావీలో హోటల్లో పెట్టుకుందాం. అక్కడ నేల పొడిగా ఉంటుంది."

ఎల్గుజా మొహం మాడిపోయింది. వంటింట్లోకి వెళితే ఖాతునా చెయ్యి పట్టుకుంది. "నాన్నా, తాతయ్య పందిరి కిందే నాకు ఉంగరం తొడగాలి. ఆ హోటల్లో కుర్చీలక్కూడా గౌన్లు తొడుగుతారు. అక్కడ నేను నవ్వలేను, ఏడవలేను" అంది. ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పటి నుంచి ఇది కావాలని నోరు తెరిచి అడిగింది లేదు. ఎల్గుజా బయటికి వచ్చి, పందిరి గుంజ పట్టుకుని, మే నెల మూడో ఆదివారానికల్లా ఈ గచ్చు మీద చుక్క నీరు నిలవదని మాట ఇచ్చేశాడు.

"సరే. శనివారం వచ్చి ఓ బకెట్ నీళ్ళు పోస్తాను" అన్నాడు ముర్మాన్. "పోయాయా, ఇక్కడే. నిలిచాయా, హోటల్. ఎందుకైనా మంచిది, హాలు చెప్పి ఉంచుతాను."

గడువు రెండు వారాలు. ఎల్గుజా ఆ రెండు వారాలూ గాడి గురించి చాలా గట్టిగా ఆలోచించాడు. చివరికి గురువారం వచ్చింది.

ఆ పొద్దున నాజీ, ఖాతునా బట్టలు కొనడానికి తెలావీ వ్యాను ఎక్కబోతూ గేటు దగ్గర ఆగారు.

"ఇదిగో చూడు," అంది నాజీ. "తవ్వు. అలిసిపోతే కూర్చో. మళ్ళీ తవ్వు. గివీని మాత్రం పిలవకు."

"నేనెందుకు పిలుస్తాను?" అన్నాడు ఎల్గుజా. నిజంగానే పిలవలేదు. పిలవని పేరంటానికి రావడం గివీకి వెన్నతో పెట్టిన విద్య. వ్యాను మలుపు తిరిగిందో లేదో, కంచె దాటి వచ్చి, తలకిందులుగా పెట్టిన గంప మీద కూర్చున్నాడు. గివీ చెయ్యెత్తు మనిషి, గంపెడు పొట్ట, గుళ్ళో గంటలాంటి గొంతు. ఊళ్ళో ఏ విందు జరిగినా గ్లాసు పట్టుకుని ఒక్కొక్కరి పేరుమీదా శుభం పలికే పెద్ద అతనే. అలాంటి పెద్దను అక్కడ తమదా అంటారు. గివీకి ఆ పదవి ఎవరు ఇచ్చారో ఎవరికీ గుర్తులేదు.

"నువ్వు తవ్వరా, నేను చూస్తుంటాను. పని చేసేవాడికి చూసేవాడు ఉంటే ఉత్సాహం" అన్నాడు.

ఈసారి ఎల్గుజా రసమట్టాన్ని మేకు మీంచి దించాడు. పలకల మీద నీళ్ళు చేరే మూల దగ్గర, చెరువుకు అడ్డంగా జానెడు మట్టిగట్టు వదిలి మొదలుపెట్టి, అడుగడుక్కీ మట్టం పెట్టి, వేలెడు వేలెడు వాలు చూసుకుంటూ తవ్వాడు. పదిన్నరకల్లా నాలుగు మీటర్లు అయింది. అంత చక్కటి వాటం ఎల్గుజా జన్మలో ఎప్పుడూ పెట్టలేదు. అయిదో మీటర్లో గునపం ఠంగుమంది.

"ఆగు," అన్నాడు గివీ. "మళ్ళీ కొట్టు."

ఎల్గుజా మళ్ళీ కొట్టాడు.

"కింద డొల్లగా ఉందిరా" అంటూ గివీ గంప మీంచి లేచాడు. గివీ లేచాడంటే విషయం పెద్దదే.

మట్టి తీస్తే గుండ్రటి రాతిమూత కనిపించింది. దాని అంచున ఆరిపోయిన బంకమట్టి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది వైను బాన. మనిషి నిలబడితే మునిగేంత లోతున భూమిలో పాతిపెట్టే మట్టిబాన.

"ఒరేయ్," అన్నాడు గివీ మెల్లగా. "ఇలికో వైను."

ఇలికో ఎల్గుజా తండ్రి. నలభై ఏళ్ళ కిందట ప్రభుత్వం తాగుడు మాన్పిస్తానని కంకణం కట్టుకుని, ద్రాక్షతోటలు నరికిస్తూ, ఇళ్ళల్లో వైను పారబోయిస్తున్న రోజుల్లో, ఇలికో తన చేతి వైనంతా ఒక బానలో పోసి, బంకమట్టితో సీలు చేసి, పైన మట్టి కప్పి దాచేశాడు. ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు తీద్దామన్నాడు. ఈలోగా పాత కొట్టం కూలింది, గుర్తులు చెరిగాయి. ఎల్గుజా పెళ్ళినాడు ఊరంతా చూస్తుండగా ఇలికో మూడుచోట్ల తవ్వాడు. ఒక గుర్రపునాడా దొరికింది. ఆనాటి నుంచి ఊళ్ళో ఎవరైనా లేనిదాన్ని ఉందని చెబితే, "ఆఁ, ఇలికో వైను" అనడం సామెతైపోయింది. చివరి రోజుల్లో ముసలాయన చేతికర్రతో పెరడంతా తట్టుకుంటూ తిరిగేవాడు. ఉందిరా, ఇక్కడే ఎక్కడో ఉందిరా అనేవాడు. ఎల్గుజా సరే నాన్నా అనేవాడు. నమ్మేవాడు కాదు. ఆ సంగతి తండ్రికి తెలుసునన్నది ఎల్గుజా గుండెలో ఇన్నేళ్ళూ ముల్లులా ఉండిపోయింది.

"పక్కనుంచి వంపు తిప్పి తవ్వేస్తాను" అన్నాడు ఎల్గుజా. "దీన్ని ఆదివారం తీద్దాం."

"నలభై ఏళ్ళకి మీ నాన్న తలుపు తీస్తే, ఆదివారం వస్తాంలే అని వెళ్ళిపోతావా?" అన్నాడు గివీ. "పైగా అది పులిసి సిర్కా అయిపోయుంటే ఆదివారం వియ్యంకుడి ముందు పోస్తావా? ఒక్క చుక్క రుచి చూడటం నీ ధర్మం. ఒక్క చుక్కేరా."

ఒక్క చుక్క రుచి చూడాలంటే మూత ఎత్తాలి. మూత ఎత్తాలంటే నలుగురు కావాలి. గివీ వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేస్తే, ఎదురింటి రొట్టెలబట్టీ జుంబేర్ చేతిలో వేడి రొట్టెతోనే వచ్చాడు. అతని వెనక ఇంకో ఇద్దరు. గివీ పురమాయిస్తుంటే మిగతా నలుగురూ మూతను లేపి, పందిరి కింద గచ్చు మీదికి దొర్లించి, నాలుగు దుంగల మీద పడుకోబెట్టారు. చూస్తే బల్లలా ఉంది. ఊరికే ఉంచడం ఎందుకని జుంబేర్ దానిమీద రొట్టె పెట్టాడు.

ఎల్గుజా మూత కింద బాన నోటికి మెత్తిన బంకమట్టి పొర పగలగొట్టాడు. లోపలి నుంచి వచ్చిన వాసనకు అయిదుగురూ బాన మీదికి వంగారు. పొడుగు కర్రకు కట్టిన సొరబుర్రతో తోడితే, చిక్కటి టీ రంగులో, తేటగా, వెలుగుతూ పైకి వచ్చింది వైను. ఎల్గుజా ఒక గుక్క తాగాడు.

"ఉంది నాన్నా," అన్నాడు. "ఉంది." యాభై తొమ్మిదేళ్ళ మనిషి, చేతిలో సొరబుర్ర పట్టుకుని, గాడిలో నిలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

గివీ టోపీ తీశాడు. "ఇలికో మామా," అన్నాడు ఆకాశం వైపు చూస్తూ. "ఈ ఊళ్ళో ఆ సామెత పుట్టించింది నేనే. ఇరవై ఏళ్ళు నిన్ను ఎగతాళి చేశాను. ఇవాళ నీ గుమ్మం ముందు నిలబడి చెబుతున్నాను, గాడిదను నేను, నువ్వు కాదు."

ఇంత మాట అన్నాక ఉత్తి చేత్తో ఎలా నిలబడతాడు? గ్లాసులు వచ్చాయి. పోయినవాళ్ళ పేరుమీద తాగేటప్పుడు రొట్టె వైనులో తడపాలి. రొట్టె ఉంది కాబట్టి చీజు కావాలి. చీజు వచ్చింది కాబట్టి ఉల్లికాడలూ, తులసిలా ఘుమఘుమలాడే ఆకులూ వచ్చాయి. ఇలికో పేరు చెప్పి తాగుతూ ఇలికో స్నేహితుల్ని పిలవకపోతే పాపం. బతికున్న ఇద్దరూ వచ్చారు. వాళ్ళను నడిపించుకొచ్చిన కొడుకుల్ని గేటు దగ్గరే పొమ్మనడం మర్యాద కాదు. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి ఎంత న్యాయంగా జరిగాయంటే, ఎల్గుజాకు ఎక్కడ కాదనాలో తెలియలేదు. పన్నెండింటికి మూతరాతి చుట్టూ తొమ్మిది మంది మగవాళ్ళు, చీలమండల దాకా చెరువు నీళ్ళలో పాదాలు పెట్టుకుని కూర్చున్నారు. గునపం మాత్రం గాడిలో ఒంటరిగా నిలబడి ఉంది.

"ఇంకో గంటలో లేచి తవ్వేస్తాను" అన్నాడు ఎల్గుజా.

"లేవకుండా ఎవరాపారు?" అన్నాడు గివీ. "పెద్దల పేరుమీద మొదలుపెట్టిన వరుస మధ్యలో తెగకూడదు, అంతే. పెద్దలు, నేల, తల్లులు, చుట్టాలు, పిల్లలు. అయిదే." గివీ ఒక్కొక్కరి గురించీ పావుగంటకు తక్కువ మాట్లాడడన్న సంగతి ఎవరూ గుర్తుచేయలేదు. మధ్యలో మోగి అపచారం చేయకుండా అందరి ఫోన్లూ తన టోపీలో వేయించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

సరిగ్గా ఆ వేళకు గివీ భార్య గులికో తన డాబా మీద దుప్పట్లు ఆరేస్తోంది. కింద ఎల్గుజా పందిట్లో విందు. పాట. పెళ్ళికూతురి తండ్రి కళ్ళు తుడుచుకుంటున్నాడు. తన మొగుడు గ్లాసెత్తి నిలబడ్డాడు. కూతుర్ని ఇచ్చేటప్పుడు తప్ప మగవాడు పట్టపగలు ఎందుకు ఏడుస్తాడు? ఆదివారం నిశ్చితార్థాన్ని గురువారానికి జరిపేశారన్నమాట! ముప్పై ఏళ్ళుగా ఉప్పుకీ నిప్పుకీ ఇచ్చిపుచ్చుకుంటున్న తనకు ఒక్క మాట చెప్పకుండా!

గులికోకు ముందు కోపం వచ్చింది. తర్వాత, చెప్పకపోతే మాత్రం ఉత్తచేతులతో ఎలా వెళ్ళడమని, చీజు కూరిన రొట్టెలకు పిండి కలిపింది. పిండి పొంగేలోపు ఊరుకోలేక తెలావీలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకుంది. ఆ చెల్లెలు ముర్మాన్ వీధిలోనే ఉంటుంది. ఆమె ముర్మాన్ గేటు దగ్గరికి వెళ్ళి, గులాబీలకు నీళ్ళు పెడుతున్న ఆయన్ను చూసి నోరు తెరిచింది.

"అదేంటన్నా, అక్కడ నిశ్చితార్థం జరిగిపోతుంటే మీరింకా ఇక్కడే ఉన్నారు?"

"ఎవరి నిశ్చితార్థం?"

"ఖాతునాది. పాటలు కూడా అయిపోతున్నాయట."

ముర్మాన్ గొట్టం కింద పడేశాడు. కొడుకు పశువుల ఆస్పత్రిలో ఉన్నాడు. తాను ఇక్కడ ఉన్నాడు. మరి అక్కడ జరుగుతున్నది ఎవరితో? వెంటనే ఎల్గుజాకు ఫోన్ చేశాడు. టోపీలో ఫోన్ మోగింది. అప్పటికి గివీ వరుసలో అయిదోదైన పిల్లల దగ్గరికి వచ్చి ఉన్నాడు. ఎవరు చేశారో కూడా చూడకుండా ఎత్తాడు.

"ఎవరైనా సరే, ఇప్పుడు మాట్లాడకూడదు! పెళ్ళికూతురు ఖాతునా పేరుమీద తాగుతున్నాం!" అని పెట్టేశాడు. అటువైపు ముర్మాన్ లెక్క కట్టేశాడు. పిల్లను ఇంకెవరికో ఇచ్చేస్తున్నారు. గచ్చు పొడిగా లేదన్న ఒక్క మాటకు ఇంత పగా? ఆయన కారు తీసి, దారిలో ఆస్పత్రి దగ్గర ఆపి, ఆవుకు సూది వేస్తున్న కొడుకును రబ్బరు బూట్లతోనే ఎక్కించుకుని బయల్దేరాడు.

మూడింటికి నాజీ, ఖాతునా మూటలతో వ్యాను దిగారు. దుకాణం ముందు కూర్చున్న ముసలమ్మ లేచి వచ్చి ఖాతునాను ముద్దు పెట్టుకుంది.

"శుభం తల్లీ. నీ నిశ్చితార్థం బ్రహ్మాండంగా జరుగుతోందట."

"నాదా?" అంది ఖాతునా.

నాజీ ఇంకేమీ అడగలేదు. "గివీ," అంది పళ్ళ బిగువున. మూటలతోనే పరుగందుకుంది. కొండల మీద నల్లటి మబ్బు ఒకటి దించిన తెరలా కిందికి జారుతోంది.

ముందు ముర్మాన్ కారే వచ్చింది. ఆయన గేటు తోసి నిలబడేసరికి విందులో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా లేచి చేతులు చాచారు. ఆనందం పట్టలేక ఆదివారం దాకా ఆగలేకపోయాడని వాళ్ళనుకున్నారు. గివీ గ్లాసు నింపాడు.

"పెళ్ళికొడుకు తండ్రికి! గౌమర్జోస్! జయం కలగాలి!"

"ఏ పెళ్ళికొడుకు?" అని గర్జించాడు ముర్మాన్. "ముందు వాణ్ణి చూపించండి!"

అందరూ లేవాన్ వంక చూశారు. లేవాన్ కూడా తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసుకున్నాడు. ఈలోపు గేట్లో నాజీ, ఆమె వెనక ఖాతునా.

"నాన్నా, నా నిశ్చితార్థం ఎవరితో?" అంది ఖాతునా రొప్పుతూ.

"అదే నేనూ అడుగుతున్నాను!" అన్నాడు ముర్మాన్.

నాజీ చూపు మనుషుల్ని దాటి గాడి మీద పడింది. నాలుగు మీటర్లు. "నిన్ను ఏం చెయ్యొద్దన్నాను?" అంది.

"ఒట్టు నాజీ! నేను పిలవలేదు!" అన్నాడు ఎల్గుజా. "నాన్న వైను దొరికింది. ఉంది నాజీ, నిజంగానే ఉంది..."

చెప్పవలసింది ఇంకా చాలా ఉంది. ఉరిమింది. ఆపైన వాన వచ్చింది. ఆ కాఖేతి సీమలో మే నెల వాన చినుకులతో మొదలుకాదు, కుండపోతతోనే మొదలవుతుంది. క్షణాల్లో పందిరి కింద చెరువు పొంగింది. మూల దగ్గరి మట్టిగట్టు తెగి, ఇన్నాళ్ళూ కదలకుండా కాపురం ఉన్న నీళ్ళకు కొత్త దారి కనిపించింది. అవి గాడిలోకి దిగి, ఎల్గుజా అడుగడుక్కీ రసమట్టం పెట్టి తీర్చిన వాలు మీద, ఎక్కడా తడబడకుండా, నురగలు కక్కుతూ పరిగెత్తాయి. గాడి చివర బాన నోరు తెరుచుకుని ఉంది.

"నాన్నా!" అని కేక పెట్టాడు ఎల్గుజా. పరిగెత్తి, బాన ముందు మోకాళ్ళ మీద పడి, రెండు చేతులూ అడ్డం పెట్టాడు. నీళ్ళు వేళ్ళ మధ్య నుంచి జారుతున్నాయి. నలభై ఏళ్ళు భూమి దాచిపెట్టినదాన్ని, తన చేత్తో, తన వాటంతో ముంచేస్తున్నాడు. ఎల్గుజాకు ఆ క్షణంలో ఆదివారమూ, హోటలూ, ఏవీ గుర్తులేవు.

"మూత వెయ్యండర్రా!" అని అరిచింది నాజీ. మూత మీద తొమ్మిది మంది భోజనం ఉంది. పైగా దాన్ని ఎత్తడానికి మత్తులో లేనివాళ్ళు నలుగురు కావాలి. మనుషులు తొమ్మిది మంది ఉన్నారు గానీ, ఆ లెక్కకు ఒక్కడూ రాడు.

ముర్మాన్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కోపంతో వచ్చిన మనిషి. కానీ ముప్పై అయిదేళ్ళు నీళ్ళతో బతికినవాడి ముందు నీళ్ళు దారి తప్పుతుంటే చూస్తూ ఉండగలడా? గాడిలోకి వంగి చూశాడు. ఆయన మొహం మారింది.

"ఈ వాటం ఎవరు పెట్టారు?"

"నేనే" అన్నాడు ఎల్గుజా, బురదలోంచి.

"చాలా బాగుంది" అన్నాడు ముర్మాన్. కోటు విప్పి నాజీ చేతికిచ్చాడు. "లేవాన్, పార! మీరంతా గునపాలు, పలుగులు, ఏది దొరికితే అది! బానను వదిలి కుడివైపు వంపు తిప్పండి, అక్కణ్ణుంచి తిన్నగా వీధి కాలువకు! దారి పడేదాకా ఈ నీళ్ళకు ఆనకట్ట కావాలి. వెడల్పుగా, బరువుగా, నీళ్ళకు కదలనిది ఏదైనా ఉందా?"

అందరి చూపులూ ఒకేచోటికి వెళ్ళాయి.

"నేను తమదాను!" అన్నాడు గివీ.

నలుగురు మోసుకెళ్ళి గాడిలో కూర్చోబెట్టారు. గాడి వెడల్పుకు గివీ కొలత తీసినట్టు సరిపోయాడు. నీళ్ళు వచ్చి వీపుకు తగిలి ఆగిపోయాయి. గివీ ఒకసారి కెవ్వుమన్నాడు, తర్వాత సర్దుకున్నాడు. చేతిలో గ్లాసు అలాగే ఉంది. "పిల్లల గురించి చెబుతున్నాను కదూ," అని మొదలుపెట్టాడు, వానలో గొంతు హెచ్చించి. "పిల్లలంటే..."

అప్పుడే గులికో చీజు రొట్టెల పళ్ళేలు ఎత్తుకుని వచ్చింది. మొగుడు గాడిలో కూర్చుని ఉపన్యసిస్తున్నాడు. పెళ్ళికొడుకు తండ్రి చొక్కాచేతులు మడిచి మట్టి ఎత్తిపోస్తున్నాడు. "వదినా, నిశ్చితార్థం ఎందాకా వచ్చింది?" అని అడిగింది నాజీని.

"ఇంకో మూడు మీటర్లుంది" అంది నాజీ. ఆమె చేతిలోంచి పెద్ద పళ్ళెం లాక్కుని, రొట్టెలు జుంబేర్ మీదికి నెట్టి, బాన నోటి మీద బోర్లించి, చుట్టూ బంకమట్టి మెత్తింది. ఖాతునా కొత్తగా కొన్న బట్ట మూటతో సహా అడ్డం పెట్టింది. వానకు మత్తు దిగిపోయి, అందరూ ఒళ్ళు దాచుకోకుండా తవ్వారు. ఎల్గుజా, ముర్మాన్ పక్కపక్కనే ఉన్నారు. ఒకరు గునపం, ఒకరు రసమట్టం.

"నాకు చెప్పకుండా పిల్లను ఇంకొకడికి ఇస్తున్నావనుకున్నాను" అన్నాడు ముర్మాన్ తల ఎత్తకుండా.

"ఖాతునాను నేనెవరికీ ఇవ్వలేను బావగారూ. తనే ఎంచుకుంది. నేను గచ్చు మాత్రం బాగుచేస్తానన్నాను" అన్నాడు ఎల్గుజా.

ముర్మాన్ రసమట్టం సరిచేసి, "ఇంకో వేలెడు కిందికి," అన్నాడు. గొంతు మెత్తబడింది.

అరగంటకు దారి పడింది. ముర్మాన్ చెయ్యి ఊపాడు. ఆరుగురు కలిసి గివీని పైకి లాగారు. ఆగి ఉన్న నీళ్ళు ఒక్క ఉదుటున కదిలి, బాన దగ్గరికి వచ్చి, అక్కడ వినయంగా కుడికి తిరిగి, వీధి కాలువలోకి దూకాయి. గచ్చు మీద మొదట రాళ్ళ తలలు తేలాయి, తర్వాత భుజాలు, చివరికి పలకలన్నీ కడిగిన పళ్ళేల్లా బయటపడ్డాయి. వాన ఇంకా పడుతూనే ఉంది. నీళ్ళు మాత్రం నిలవడం లేదు. అందరూ తడుస్తూ ఆ వింత చూస్తూ నిలబడ్డారు.

ఎల్గుజా భయంభయంగా పళ్ళెం తీసి, సొరబుర్ర ముంచి, ముర్మాన్‌కు అందించాడు. ఆయన నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఒక్క చుక్క నీరు దిగలేదు" అన్నాడు. ఆ మాటకు నాజీ ఎల్గుజా భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. పొద్దుటి నుంచి ఆమెకు ఆ మాత్రం వ్యవధి దొరకలేదు.

ముర్మాన్ ఒక బకెట్ అడిగి తీసుకుని, వానలోనే, ఆ కారుతున్న గచ్చు మీద ఓ బకెట్ నీళ్ళు గుమ్మరించాడు. మాట అంటే మాట. నీళ్ళు పోయాయి. "ఇక్కడే," అన్నాడు.

"ఇక్కడైతే ఇప్పుడే అయిపోనివ్వండి మామయ్యగారూ," అంది ఖాతునా. జుట్టు మొహానికి అతుక్కుని, చేతులు మోచేతుల దాకా బంకమట్టితో ఉంది. అయినా ఆమె నవ్వుతోంది. "అందరూ ఉన్నారు. తాతయ్య కూడా ఉన్నాడు. ఉంగరం ఒక్కటే లేదు."

లేవాన్ సిగ్గుపడుతూ పశువుల ఆస్పత్రి కోటు జేబులో చెయ్యి పెట్టాడు. సూదుల డబ్బా తీశాడు. అందులోంచి ఉంగరం తీశాడు. ఇంట్లో పెడితే పోతుందేమోనని పది రోజులుగా అక్కడే దాస్తున్నాడట. తడిసిన పందిరి కింద, నీరు నిలవని గచ్చు మీద తొడిగాడు. ఎల్గుజా ఈసారి ఏడవలేదు. సొరబుర్ర ఎత్తి, బాన వైపు తిరిగి, "శుభకార్యం నాన్నా," అన్నాడు, అంతే. ఆ ఊళ్ళో ఇలికో వైను అన్న మాటకు ఆ సాయంత్రంతో అర్థం మారిపోయింది. ఇప్పుడు దాన్ని, ఆలస్యమైనా తప్పకుండా వచ్చేదాని గురించి అంటారు. గాడి నడుమ ఆ వంపు ఎందుకని అడిగినవాళ్ళకు, అక్కడ మా నాన్న కూర్చుని ఉన్నాడు అని చెబుతాడు ఎల్గుజా.

చీకటి పడబోతుండగా ముర్మాన్‌కు హోటల్ సంగతి గుర్తొచ్చింది. ఆదివారానికి హాలు అక్కర్లేదని చెప్పడానికి ఫోన్ చేశాడు. అటు నుంచి వచ్చిన జవాబు విని కనుబొమలు ఎగరేశాడు. మధ్యాహ్నం వానకు హాల్లో మోకాలి లోతు నీళ్ళు చేరాయట. గౌన్లు తొడుక్కున్న కుర్చీలు తేలుతున్నాయట. నీళ్ళ సంగతి తెలిసిన పెద్దమనుషులు కదా, ఆదివారం వచ్చి ఒక దారి చూపించమని బతిమాలారు.

"నాకన్నా పనిమంతుడు మా వియ్యంకుడున్నాడు," అన్నాడు ముర్మాన్, ఎల్గుజా వినేలా. "అతని వాటం నేను కళ్ళారా చూశాను. ఆదివారం తీసుకొస్తాను. ఒకటే షరతు. గివీని మాత్రం పిలవకండి."

వాళ్ళు పిలవలేదు. ఆదివారం ముర్మాన్, ఎల్గుజా అక్కడికి వెళ్ళేసరికి, గివీ హాలు గుమ్మంలో తలకిందులుగా పెట్టిన గంప మీద కూర్చుని ఉన్నాడు.